వాడేసిన నూనెతో ఆరుబయట వెచ్చదనం: ఇనుప పొయ్యి చేయడం సులువు, అదుపులో ఉంచడమే అసలు పని

చలికాలం ముదిరిందంటే ఉత్తర భారతంలో వీధి మలుపుల్లో చలిమంటలు లేస్తాయి. గేటు దగ్గర రాత్రంతా మేలుకునే కాపలాదారు, తెల్లవారకముందే కొట్టు తెరిచే టీ దుకాణదారు, ఆరుబయటే లారీల కింద పడుకుని పనిచేసే మెకానిక్ చేతికి దొరికినదాన్ని మండిస్తుంటారు. విరిగిన చెక్కపెట్టెలతోపాటు ప్లాస్టిక్ సంచులు, టైరు ముక్కలు కూడా ఆ మంటల్లో పడతాయి. మెకానిక్ షెడ్డులో మాత్రం మరో ఇంధనం డబ్బాల కొద్దీ పోగుపడి ఉంటుంది. అది బండ్ల నుంచి దించిన వేస్ట్ ఆయిల్. నాలుగు ఇనుప ముక్కలు అతికి, అందులో ఆ నూనెను చుక్కచుక్కగా మండించుకుంటే చలి తీరదా అన్న ఆలోచన వెల్డింగ్ తెలిసినవారికి సహజంగానే వస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు, అసాధ్యమైనదీ కాదు. చల్లని దేశాల్లో ఎందరో తమ పెరట్లో ఇలాంటి పొయ్యిలు చేసుకున్నారు. అయితే ఇందులో ఇనుప పని తేలికైన సగం మాత్రమే. నూనె ఎంత వేగంతో రావాలి, దానికి ఎంత గాలి అందాలి, ఏ నూనె పోయాలి, పొయ్యిని ఎక్కడ పెట్టాలి అన్నవి మిగిలిన సగం. ప్రాణాలు ఆధారపడేది ఈ రెండో సగం మీదనే.

నారింజ తోటల నుంచి గ్యారేజీల దాకా

ఆరుబయట నూనె మండించి వెచ్చదనం పొందే పద్ధతి పెద్ద ఎత్తున వ్యాపించింది అమెరికాలోని పండ్ల తోటల్లో. 1913 జనవరిలో దక్షిణ కాలిఫోర్నియాను తీవ్రమైన మంచు దెబ్బతీసి, నారింజ, నిమ్మ తోటలను నష్టపరిచింది. ఆ తరువాత రైతులు చెట్ల వరుసల మధ్య ఇనుప నూనె పొయ్యిలను బారులుగా నిలపడం విస్తరించింది. అడుగున గుండ్రని నూనె తొట్టి, దానిపైన గాలి రంధ్రాలున్న నిలువు గొట్టం. వాటి రూపం అంతే. గడ్డకట్టే రాత్రుల్లో పనివారు చేతిదీపాలతో ఒక్కొక్క పొయ్యినీ వెలిగించుకుంటూ పోయేవారు.

మొదట్లో చాలామంది పొగ దుప్పటిలా కమ్మి మంచును ఆపుతుందని నమ్మారు. అందుకే నల్లని పొగ ఎంత వస్తే అంత మేలనుకున్నారు. తోటను కాపాడింది పొగ కాదనీ, పొయ్యి విడుదల చేసే వేడేననీ క్రమంగా తేలింది. పొగ అంటే మండకుండా వృథాగా పోయిన ఇంధనమే. దాంతో పొగను తిరిగి మంటలోకి మళ్లించే మెరుగైన పొయ్యిలు వచ్చాయి. 1947లో ఏర్పడిన లాస్ ఏంజెలెస్ కౌంటీ వాయుకాలుష్య నియంత్రణ సంస్థ పొగ ఎక్కువగా కక్కే పాత పొయ్యిలను కట్టడి చేసింది. 1970లలో చమురు ధర మండిపోయాక ఈ పద్ధతి చాలావరకు వెనుకబడి, తోటల్లో గాలిపంకాలకు ప్రాధాన్యం పెరిగింది.

అదే చమురు సంక్షోభం మరో దారి తెరిచింది. కొనే నూనె ఖరీదైనప్పుడు పారబోసే నూనె మీద చూపు పడింది. 1970ల చివరలో అమెరికన్ పత్రిక ‘మదర్ ఎర్త్ న్యూస్’ వేస్ట్ ఆయిల్‌తో పనిచేసే పొయ్యిని ఇంటి దగ్గరే తయారుచేసుకునే విధానాన్ని ప్రచురించింది. తరువాతి దశాబ్దాల్లో గ్యారేజీ యజమానులు, రైతులు దానికి ఎన్నో రూపాలు కల్పించారు. మన దేశంలో దీనికి దగ్గరి చుట్టం కశ్మీర్, లద్దాఖ్ ప్రాంతాల బుఖారీ. కట్టెలతో మండేది ఒక రకమైతే, కిరసనాయిలును సన్నని గొట్టం ద్వారా చుక్కచుక్కగా వదిలి మండించేది మరో రకం. ఎత్తయిన సరిహద్దుల్లోని సైనిక శిబిరాలు దశాబ్దాలుగా ఈ రెండో రకాన్ని వాడుతున్నాయి.

మండేది ద్రవం కాదు, ఆవిరి

ఈ పొయ్యి రహస్యమంతా ఒక్క విషయంలో ఉంది. నూనె ద్రవంగా మండదు. వేడెక్కి ఆవిరైన తరువాత, ఆ ఆవిరి గాలితో కలిసి మండుతుంది. ఆవిరి నిప్పందుకునే కనీస ఉష్ణోగ్రత ఒక్కో ఇంధనానికి ఒక్కో విధంగా ఉంటుంది. పెట్రోలు గడ్డకట్టే చలిలో సైతం భగ్గుమంటుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం కిరసనాయిలు, డీజిల్‌కు ఈ ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. ఇంజిన్ ఆయిల్ విషయంలో అది సాధారణంగా 200 డిగ్రీలు దాటుతుంది. అందుకే చల్లని ఇంజిన్ ఆయిల్‌లో వెలిగించిన అగ్గిపుల్ల వేస్తే ఆరిపోతుంది. అదే నూనె ఎర్రబడిన ఇనుప చిప్ప మీద పడితే క్షణంలో ఆవిరై మంటవుతుంది.

ఆవిరికి తగినంత గాలి అందడం రెండో షరతు. ఒక కిలో నూనె పూర్తిగా మండడానికి సుమారు 14 నుంచి 15 కిలోల గాలి కావాలి. అంటే ఒక లీటరు నూనెకు కనీసం 10 ఘనపు మీటర్ల గాలి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో ఉండే గాలిలో ఇది మూడో వంతుకు పైమాటే. గాలి తగ్గితే మంట పసుపు నుంచి ముదురు నారింజ రంగుకు మారి, కొసన నల్లని పొగ తేలుతుంది. కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరుగుతుంది. గాలి మరీ ఎక్కువై మంట చల్లబడినా దహనం అసంపూర్తిగా మిగిలి, కంటిని మండించే తెల్లని ఆవిరి బయటికి వస్తుంది.

మూడోది మోతాదు. ఒక లీటరు నూనెలో సుమారు 10 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి ఉంటుంది. గంటకు ఒక లీటరు మండే పొయ్యి అంటే 1,000 వాట్ల విద్యుత్ హీటర్లు పది ఒకేసారి వెలిగించినట్టే. పెరట్లో నలుగురు చుట్టూ కూర్చోవడానికి ఇందులో సగం కూడా చాలు. నిమిషానికి 17 మిల్లీలీటర్లు పడితే గంటకు లీటరు ఖర్చవుతుంది. వాల్వును కొంచెం ఎక్కువ తిప్పితే ఆ లెక్క రెట్టింపు కావడానికి ఎంతోసేపు పట్టదు.

పొయ్యిలోని భాగాలు

ఆరుబయటి పొయ్యిలు ఎన్ని ఆకారాల్లో ఉన్నా, వాటిలో ఐదు భాగాలు తప్పవు.

మొదటిది దహన చిప్ప. నూనె పడి ఆవిరయ్యే చోటు ఇదే. అందరికన్నా ఎక్కువ వేడిని, ఎక్కువ తుప్పును ఇదే భరిస్తుంది. కాబట్టి మందమైన ఇనుముతో, విడిగా బయటికి తీసేలా దీన్ని చేస్తారు. నూనెలో మండని పదార్థం బూడిదగా, గట్టి బొగ్గు పెంకుగా ఇక్కడే పేరుకుంటుంది. తీసి గీకే వీలు లేని చిప్ప ఉన్న పొయ్యి కొద్దిరోజుల్లోనే మూలపడుతుంది.

రెండోది రంధ్రాల గొట్టం. చిప్పపైన నిలబెట్టే ఈ గొట్టం చుట్టూ వరుసలుగా రంధ్రాలు ఉంటాయి. పైకి లేచే ఆవిరికి అంచెలంచెలుగా గాలి అందించడం వాటి పని. అడుగున కొద్దిగాలితో ఆవిరి సగం మండుతుంది, పైకి పోయే కొద్దీ మిగిలినది మండుతుంది. అనుభవజ్ఞులు మొదట తక్కువ రంధ్రాలు వేసి, మంటను గమనిస్తూ ఒక్కొక్కటే పెంచుతారు. రంధ్రం వేయడం ఒక నిమిషం పని. వేసినదాన్ని మూయాలంటే మళ్లీ వెల్డింగ్ చేయాలి.

మూడోది బయటి దేహం. మంటను గాలివాటం నుంచి కాపాడుతూ, వేడిని చుట్టూ ఉన్నవారికి పంచేది ఇదే. ఆరుబయట వేడెక్కిన గాలి నిలవదు, పైకి ఎగిరిపోతుంది. మనిషికి చేరేది ముఖ్యంగా ఇనుప గోడ నుంచి వచ్చే వికిరణం, అంటే సెగ. గోడ వేడెక్కే కొద్దీ ఈ సెగ అనేక రెట్లు పెరుగుతుంది. 250 డిగ్రీల గోడ కన్నా 500 డిగ్రీల గోడ దాదాపు ఐదింతల సెగను వెదజల్లుతుంది. ఆరుబయటి పొయ్యి దేహాన్ని పొడవుగా, మనిషి కూర్చునే ఎత్తులో ఉంచేది అందుకే. అయితే 500 డిగ్రీలు దాటిన మామూలు ఇనుము చీకట్లో మసక ఎరుపుగా కనిపిస్తుంది, పెంకులుగా రాలుతుంది, బలం కోల్పోతుంది. గోడ ఎర్రబడిందంటే నూనె తగ్గించమని పొయ్యి చెబుతున్నట్టే.

నాలుగోది పొగగొట్టం. పది డిగ్రీల చలిగాలితో పోలిస్తే 300 డిగ్రీల పొగ బరువు సగమే. ఆ తేలికదనమే దాన్ని పైకి లాగుతుంది, ఆ లాగుడే అడుగు రంధ్రాల్లోకి తాజా గాలిని పీలుస్తుంది. గొట్టం పొట్టిదైతే మంట సోమరిగా పొగ కక్కుతుంది. తగినంత ఎత్తుంటే మంట గుమ్మున శబ్దం చేస్తూ శుభ్రంగా మండుతుంది. తల కన్నా బాగా ఎత్తులో పొగ వదలడం కూర్చున్నవారి ఊపిరితిత్తులకూ అవసరమే. వాన, ఎదురుగాలి లోపలికి దూరకుండా పైన టోపీ పెడతారు.

ఐదోది నూనె సరఫరా. పొయ్యికి దూరంగా, కొంచెం ఎత్తులో ఒక తొట్టి, దాని కింద మూసే వాల్వు, తరువాత సన్నగా సర్దుకునే సూది వాల్వు, అక్కడి నుంచి లోహపు గొట్టం. నూనె నేరుగా గొట్టంలో మాయం కాకుండా, ఒక గరాటులోకి కంటికి కనిపించేలా పడే ఏర్పాటు మంచిది. ఎంత పడుతోందో తెలుస్తుంది, పొయ్యి వేడి గొట్టం వెంట తొట్టిదాకా పాకే దారి కూడా తెగిపోతుంది. ప్లాస్టిక్ గొట్టం, ప్లాస్టిక్ డబ్బా ఇక్కడ పనికిరావు.

ఏ ఇనుము వాడాలి, ఏది ముట్టకూడదు

ఇంటి వెల్డింగ్ పనుల్లో ప్రమాదం పొయ్యి వెలిగించకముందే మొదలవుతుంది. దొరికిన పాత డబ్బానో పీపానో కోయడం అలవాటైన పని. నూనె, పెట్రోలు, థిన్నర్, రంగులు నిల్వ ఉంచిన పీపా ఖాళీగా కనిపించినా, అడుగున మిగిలిన తడి కట్టర్ నిప్పురవ్వకు ఆవిరై, లోపలి గాలితో కలిసి బాంబులా పేలుతుంది. మూత మూసి ఉన్న పీపా మరింత ప్రమాదకరం. నీళ్లతో ఒకసారి కడిగినంత మాత్రాన అది సురక్షితం కాదు.

వంటగ్యాస్ సిలిండర్ ఆకారం పొయ్యికి సరిగ్గా సరిపోతుందని దాన్ని కోసేవారు ఇతర దేశాల్లో ఎక్కువ. మన దేశంలో ఇంటికి వచ్చే సిలిండర్ చమురు కంపెనీ ఆస్తి. వినియోగదారు చెల్లించేది తిరిగివచ్చే డిపాజిట్ మాత్రమే. దాన్ని కోయడం చట్టవిరుద్ధమే కాక, లోపల మిగిలిన గ్యాసుతో ప్రాణాంతకం కూడా.

మూడో ఉచ్చు జింకు పూత. నీటి పైపులు, తెల్లగా మెరిసే రేకులు, కొన్ని బోల్టులు జింకు పూతతో వస్తాయి. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వెల్డింగ్ వేడి ఈ రెండింటినీ తేలికగా దాటుతుంది. ఆ తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు వస్తాయి. వెల్డర్లకు ఇది పరిచయమైన జబ్బే. పొయ్యి దేహానికి, చిప్పకు, పొగగొట్టం మొదటి భాగానికి పూత లేని మామూలు ఎంఎస్ పైపు, ప్లేటు వాడటమే తగిన పని. చిప్పకు ఐదారు మిల్లీమీటర్ల మందం, దేహానికి కనీసం మూడు, నాలుగు మిల్లీమీటర్లు ఉంటే వేడికి వంకర్లు పోకుండా కొంతకాలం నిలుస్తుంది. రంగు వేయదలచుకుంటే వేడిని తట్టుకునే రంగే వేయాలి.

అతుకుల విషయంలో ఒక పరీక్ష తప్పనిసరి. చిప్పలోనూ, నూనె తొట్టిలోనూ నీళ్లు నింపి ఒక పూట వదలాలి. ఒక్క చెమ్మ చుక్క కనిపించినా ఆ అతుకును మళ్లీ వేయాలి. పరీక్ష ముగిశాక పూర్తిగా ఆరబెట్టడం కూడా అంతే ముఖ్యం. అందుకు కారణం కింద కనిపిస్తుంది.

వెలిగించే వేళ, ఆర్పే వేళ

చల్లని చిప్పలో ఇంజిన్ ఆయిల్ మండదు కాబట్టి ముందు చిప్పను వేడిచేయాలి. చిన్న చెక్కముక్కలు, నూనెలో తడిపిన గుడ్డ లేదా కొద్దిగా కిరసనాయిలు ఇందుకు వాడతారు. పెట్రోలు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. దాని ఆవిరి దేహమంతా నిండి, అగ్గిపుల్ల చూపగానే పేలుతుంది. పది, పదిహేను నిమిషాలకు ఇనుము బాగా వేడెక్కాక వాల్వు సన్నగా తెరిచి, చుక్క పడగానే మంటవుతోందో లేదో చూడాలి. మంట నిలదొక్కుకున్నాకే మోతాదు పెంచాలి.

ఇక్కడే ఒక మోసం దాగి ఉంది. నూనె చిక్కదనం ఉష్ణోగ్రతతో మారుతుంది. సాయంత్రం చల్లగా ఉన్న తొట్టి నుంచి సన్నగా కారిన నూనె, పొయ్యి సెగకు తొట్టి వేడెక్కే కొద్దీ పలుచనై, వాల్వు కదపకుండానే వేగంగా కారుతుంది. ఎక్కువ నూనె ఎక్కువ మంటను, ఎక్కువ మంట మరింత వేడి నూనెను ఇస్తుంది. చూసేవారు లేకపోతే ఈ గొలుసు ఆగదు. తొట్టిని దూరంగా ఉంచడానికీ, మండుతున్న పొయ్యిని వదిలి వెళ్లకూడదనడానికీ కారణం ఇదే. తొట్టి చిన్నదిగా, రెండు మూడు లీటర్లకు మించకుండా ఉంటే పొరపాటు జరిగినా దాని పరిమాణం తక్కువగా ఉంటుంది.

మధ్యలో మంట ఆరిపోతే వెంటనే మళ్లీ వెలిగించే తొందర మరో ప్రమాదం. వేడి చిప్ప మీద నూనె ఆవిరవుతూనే ఉంటుంది. దేహం నిండా పేరుకున్న ఆ తెల్లని ఆవిరికి నిప్పు తగిలితే మంట తలుపులోంచి ముఖం మీదికి దూకుతుంది. ముందు వాల్వు మూయాలి, పొయ్యి చల్లారేదాకా ఆగాలి, చిప్పలో నిలిచిన నూనెను తుడవాలి, ఆ తరువాతే మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఆర్పడం అంటే వాల్వు మూసి, చిప్పలో మిగిలినది మండిపోయేదాకా కనిపెట్టుకుని ఉండటం. దగ్గర ఒక బకెట్ ఇసుక, పొడి రసాయన అగ్నిమాపకం ఉండాలి. నీళ్లు ఉండకూడదు.

నీటి చుక్క చేసే విధ్వంసం

వంటింట్లో కాగిన నూనెలో నీటి చుక్క పడితే ఏమవుతుందో ప్రతి ఇంటికీ తెలుసు. నూనె పొయ్యిలో అదే జరిగితే దాని స్థాయి వేరు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. నూనె కన్నా బరువైన నీరు అడుగుకు చేరి, అక్కడ ఒక్కసారిగా ఆవిరై, పైనున్న మండే నూనెను తుంపరలుగా ఎగజిమ్ముతుంది. ఒక్కొక్క తుంపరా ఒక నిప్పుబంతి అవుతుంది.

వేస్ట్ ఆయిల్‌లో నీరు ఉండటం అరుదు కాదు. మూతలేని పీపాలో వాననీరు చేరుతుంది, ఇంజిన్‌లోనే కూలెంట్ కలిసి ఉండవచ్చు. అందువల్ల నూనెను కొన్ని రోజులు కదపకుండా నిలిపి, తేరిన పైభాగాన్నే జాగ్రత్తగా వంపుకోవాలి. మెత్తని జాలీతో వడకట్టాలి. అడుగున మిగిలిన మడ్డిని పొయ్యిలో పోయకూడదు. చిటపట శబ్దం వినిపిస్తే నూనెలో నీరు ఉన్నట్టు గుర్తు. వెంటనే వాల్వు మూయాలి.

ఆరుబయట అనే మాటకు అర్థం

ఈ పొయ్యి ఆరుబయటిదే. తలుపు తెరిచిన గ్యారేజీ, మూడువైపులా టార్పాలిన్ కట్టిన షెడ్డు, గుడారం ఆరుబయట కిందికి రావు. అసంపూర్తిగా మండిన నూనె నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు మించిన మక్కువతో దాన్ని అంటిపెట్టుకుంటుంది. తలనొప్పి, మగత, వాంతి వచ్చినట్టుండటం దాని మొదటి లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి అవి కూడా తెలియవు. రాత్రంతా కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకున్న కుటుంబాలు ఉదయానికి విగతజీవులుగా కనిపించిన వార్తలు దేశంలో ప్రతి శీతాకాలం వస్తూనే ఉన్నాయి.

ఈ ప్రమాదం ఎంత తీవ్రమైనదో సైన్యం అనుభవం చెబుతుంది. ఎత్తయిన శిబిరాల్లో కిరసనాయిలు బుఖారీల విషవాయువు, మంట వెనక్కి తన్నడం జవాన్ల ప్రాణాలకు ముప్పుగా మారాయి. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ డీఆర్‌డీవోకు చెందిన ఢిల్లీలోని డిపాస్ ప్రయోగశాల అందుకే ‘హిమ్ తాపక్’ పేరుతో మెరుగైన బుఖారీని రూపొందించి 2021లో వెల్లడించింది. ఒక జాతీయ పరిశోధనశాల పూనుకోవలసి వచ్చిన సమస్యను పెరటి వెల్డింగ్‌తో పరిష్కరించి గదిలో పెట్టుకోవచ్చని ఎవరూ భ్రమపడకూడదు.

ఆరుబయట కూడా చోటు చూసి పెట్టాలి. కింద గట్టి నేల లేదా ఇటుకల గచ్చు, పైన చెట్టుకొమ్మలు, కరెంటు తీగలు, పందిరి లేని ఆకాశం, చుట్టూ గడ్డివాము, కట్టెలు, వాహనాలు లేని ఖాళీ జాగా ఉండాలి. కాళ్లు వెడల్పుగా ఉండి, పిల్లలో పశువులో తగిలినా ఒరగని బరువుండాలి. చుట్టూ ఒక కంచె ఉంటే ఎర్రని గోడను ఎవరూ తాకరు.

ఏ నూనె, ఏ నిబంధన

ఉచితంగా వచ్చే నూనె నిజంగా ఉచితమా అన్నది చివరి ప్రశ్న. కొత్త ఇంజిన్ ఆయిల్‌లోనే జింకు, ఫాస్ఫరస్ కలిగిన రసాయనాలు కలుపుతారు. వాడాక దానిలోకి ఇంజిన్ అరుగుదల వల్ల లోహపు కణాలు, మసి, క్యాన్సర్ కారకమైన పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు చేరతాయి. పొయ్యి ఎంత బాగా మండినా లోహాలు మండిపోవు. కొన్ని బూడిదగా చిప్పలో మిగులుతాయి, కొన్ని పొగతోపాటు పైకి లేచి చుట్టుపక్కల నేల మీద, కూరమడి మీద వాలతాయి. శుభ్రపరిచే క్లోరిన్ ద్రావకాలు కలిసిన నూనె, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె మండిస్తే డయాక్సిన్ల వంటి విషాలు పుట్టవచ్చు. వాటిని పొయ్యి దరికి రానీయకూడదు.

అమెరికాలో ఫెడరల్ నిబంధనలు చిన్న వేస్ట్ ఆయిల్ హీటర్లను షరతులతో అనుమతిస్తాయి. మండించే నూనె ఆ యజమాని దగ్గరే పుట్టినదై ఉండాలి, లేదా సొంతంగా ఆయిల్ మార్చుకునే గృహస్థుల నుంచి తీసుకున్నదై ఉండాలి. హీటర్ సామర్థ్యం గంటకు 5 లక్షల బీటీయూలకు మించకూడదు. పొగ బయటి గాలిలోకి పోవాలి. స్థానిక నిబంధనలు వీటికి అదనం. అక్కడ గ్యారేజీలు, పొలాలు నడిపే తెలుగువారికి కూడా ఇవే వర్తిస్తాయి.

మన దేశంలో దృష్టి వేరు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి ప్రకారం వాడేసిన నూనె ప్రమాదకర వ్యర్థం. దాన్ని అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలకే అప్పగించాలి. 2023 సెప్టెంబరులో ప్రకటించి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన సవరణ, నూనె తయారీదారుల మీదనే దాని సేకరణ, పునర్వినియోగ బాధ్యతను పెట్టింది. సరిగ్గా శుద్ధి చేస్తే వాడేసిన నూనె మళ్లీ బేస్ ఆయిల్ అవుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పోగుపడే నూనెకు ఇది న్యాయమైన దారి. ఒక రాత్రి చలికి మండిస్తే అదే ఆఖరు, శుద్ధి చేస్తే మళ్లీ బండిలోకి వస్తుంది.

వాడిన వంటనూనె మండించడానికి ఇంజిన్ ఆయిల్ కన్నా మేలు. అందులో లోహాలు దాదాపు ఉండవు. కానీ ఆవిరి కావడానికి దానికి మరింత వేడి కావాలి, చలిలో అది త్వరగా చిక్కబడుతుంది. దానికీ మరో దారి ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుంచి, 25 శాతానికి మించి పోలార్ సమ్మేళనాలు పేరుకున్న నూనెతో వేయించడాన్ని నిషేధించింది. అదే ఏడాది అలాంటి నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే ‘రూకో’ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

చలికి ఎవరు బాధ్యులు

ఇనుప పొయ్యి చేయగల చేతికి మెచ్చుకోలు దక్కవలసిందే. ప్రత్యేకించి శుభ్రమైన కిరసనాయిలు, డీజిల్, వడకట్టిన వంటనూనెతో, విశాలమైన ఆరుబయట, ఒక మనిషి పక్కనే ఉండగా మండే పొయ్యి టైరు ముక్కల చలిమంట కన్నా ఎంతో నయం. పొగగొట్టం కొసన వేడిగాలి అలలు తప్ప మరేమీ కనిపించకపోతే పొయ్యి సరిగ్గా మండుతున్నట్టు. నల్లని పొగ కనిపిస్తే నూనె ఎక్కువ, గాలి తక్కువ. నూరేళ్ల కిందట కాలిఫోర్నియా తోటల్లో నేర్చుకున్న పాఠం ఇదే.

అయితే నగరాల్లో జనావాసాల మధ్య, పక్కింటి కిటికీకి పది అడుగుల దూరంలో దీనికి చోటు లేదు. ఢిల్లీ పరిసరాల్లో గాలి విషమించినప్పుడు అమల్లోకి వచ్చే ‘గ్రాప్’ ప్రణాళిక, కాపలాదారులు మంటలు వేసుకోకుండా వారికి విద్యుత్ హీటర్లు ఇవ్వాలని నివాసుల సంఘాలను కోరుతుంది. ఇందులో గమనించదగ్గ సంగతి ఒకటుంది. రాత్రి చలిలో నిలబడేవారి చేతికి ఏ ఇంధనం దొరుకుతుందన్నది వారి ఎంపిక కాదు, వారిని అక్కడ నిలబెట్టినవారి బాధ్యత. ఆ బాధ్యత తీరిన చోట వేస్ట్ ఆయిల్ శుద్ధి కేంద్రానికి చేరుతుంది, గేటు దగ్గర మనిషి పొగ లేకుండా వెచ్చగా ఉంటాడు.